ఫెడెరికో కాప్రిల్లీ

ఫెడెరికో కాప్రిల్లీ (1868 ఏప్రిల్ 8 - 1907 డిసెంబర్ 6) ఇటలీ సైన్యానికి చెందిన అశ్వికదళ అధికారి, గుర్రపు స్వారీ శిక్షకుడు. గుర్రం అడ్డంకిని దాటే సమయంలో రౌతు వెనక్కి వాలాలనే నియమం ఇతని కాలం వరకు ఐరోపా సైన్యాలన్నిటిలో అమలులో ఉండేది. ఆ నియమం గుర్రానికి మేలు చేయకపోగా దాని నోటిని, వీపును, కాళ్ళను పాడుచేస్తున్నదని కాప్రిల్లీ గ్రహించాడు. రౌతు తన శరీరపు తూకాన్ని గుర్రపు తూకంతో కలుపుకొని ముందుకు వంగి స్వారీ చేసే పద్ధతిని రూపొందించాడు. దీనిని సహజ పద్ధతి అనీ, ముందువాలు ఆసనం అనీ వ్యవహరిస్తారు. ప్రస్తుతం ప్రపంచమంతటా అడ్డంకులు దూకించే పోటీలలో వాడుకలో ఉన్న స్వారీ పద్ధతికి ఇదే మూలం. అందువల్ల కాప్రిల్లీని ఆధునిక స్వారీ విద్యకు ఆద్యులలో ఒకడిగా పరిగణిస్తారు.

బాల్యం, విద్యాభ్యాసం

కాప్రిల్లీ ఇటలీ పశ్చిమ తీరంలోని రేవు పట్టణమైన లివోర్నోలో జన్మించాడు. చిన్న వయసులోనే సైనిక విద్యలో ప్రవేశించి, ఫ్లోరెన్స్, రోమ్ నగరాలలోని సైనిక కళాశాలల్లో చదివాడు. 1886లో మోడెనా సైనిక పాఠశాలలో చేరాడు. 1888లో సెకండ్ లెఫ్టినెంట్ హోదాలో పియెమోంతె రియాలె అనే అశ్వికదళ రెజిమెంట్‌లో నియమితుడయ్యాడు.

అశ్వికదళ అధికారులందరూ పినెరోలో పట్టణంలోని అశ్వికదళ పాఠశాలలో శిక్షణ పొందవలసి ఉండేది. టూరిన్ నగరానికి సమీపంలో, ఆల్ప్స్ పర్వతాల పాదాల వద్ద ఉన్న ఈ పట్టణంలో 1849 నుండి ఆ పాఠశాల నడిచింది. కాప్రిల్లీ అక్కడ శిక్షణ పూర్తిచేసి, 1891లో రోమ్ నగర శివారులోని తోర్ ది క్వింతోలో కొత్తగా ప్రారంభమైన శిక్షణ కేంద్రంలో తొలి జట్టు విద్యార్థులలో ఒకడిగా చేరాడు. పినెరోలోలో స్వారీ ఎక్కువగా నాలుగు గోడల మధ్య, చదునైన నేలపై సాగేది. తోర్ ది క్వింతోలో మాత్రం గుంటలు, కంచెలు, రాతిగోడలు, నిటారుగా దిగే వాలులు ఉన్న బయలు నేలపై స్వారీ నేర్పేవారు. ఒకే గుర్రం ఈ రెండు చోట్ల ప్రవర్తించే తీరులో ఉన్న తేడా కాప్రిల్లీ ఆలోచనలకు ప్రేరణ అయింది.

అప్పటి స్వారీ పద్ధతి

ఆ రోజుల్లో సైనిక స్వారీ రాజాస్థానాల స్వారీ విద్య నుండి వచ్చింది. రౌతు పొడవైన రికాబులతో, కాళ్ళు కిందికి చాచి, జీను మధ్యలో నిటారుగా కూర్చునేవాడు. గుర్రపు మెడను పగ్గాలతో పైకి ఎత్తి, ముఖాన్ని లోపలికి లాగి, బరువును వెనుక కాళ్ళ మీదికి తీసుకురావడం ఈ విద్యలో ముఖ్యాంశం. మెత్తని నేలపై నెమ్మదిగా నడిచే విన్యాసాలకు ఇది తగినదే. అయితే దానిలో గుర్రాన్ని, మనిషిని తయారుచేయడానికి ఏళ్ళు పట్టేది. నిర్బంధ సైనిక సేవకు వచ్చిన సాధారణ యువకుడికి అంత వ్యవధి లేదు. పైగా యుద్ధంలో అశ్వికదళం చేయవలసిన పని పొలాలకు, కాలువలకు, కంచెలకు అడ్డంపడి వేగంగా పోవడం.

అడ్డంకి దాటేటప్పుడు పాటించవలసిన నియమం మరింత చిక్కును తెచ్చిపెట్టింది. గుర్రం గాలిలో ఉన్నప్పుడు, నేలకు దిగేటప్పుడు రౌతు వీలైనంత వెనక్కి వాలాలని నేర్పేవారు. అలా వాలితే ముందు కాళ్ళపై భారం తగ్గి అవి దెబ్బతినవని, పగ్గాలు పైకి లాగితే గుర్రం తూలి పడకుండా నిలబడుతుందని నమ్మేవారు. అంటే ఈ నియమం గుర్రపు కాళ్ళను కాపాడాలనే ఉద్దేశంతోనే పుట్టింది. ఆచరణలో మాత్రం గుర్రాలు అడ్డంకుల ముందు మొండికేసేవి, తల విదిలించేవి, తొందరపడి దూకేవి, వెనుక కాళ్ళను కంచెకు తగిలించుకునేవి. దోషమంతా గుర్రపు స్వభావానిదేనని భావించి, దాన్ని లొంగదీయడానికి మరింత కఠినమైన కళ్ళెం వాడేవారు.

పరిశీలనలు

కాప్రిల్లీ మొదట రౌతు లేని గుర్రాన్ని పరిశీలించాడు. జీను, పగ్గాలు లేకుండా వదిలిన గుర్రాలు అడ్డంకులను ఎలా దాటుతున్నాయో చూశాడు. అప్పటికి కొద్దికాలంగానే సాధ్యమైన క్షణిక ఛాయాచిత్రాలు కూడా అతనికి తోడ్పడ్డాయి. పరుగెత్తే గుర్రపు కదలికలను ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అమెరికాలో 1878లో వరుస ఛాయాచిత్రాలుగా తీసిన తరువాత, కంటికి అందని అంగవిన్యాసాలను చిత్రాలలో నిలిపి చూడడం వీలయింది.

స్వేచ్ఛగా దూకే గుర్రం మెడను ముందుకు, కిందికి చాస్తుంది. వీపును విల్లులా పైకి వంచుతుంది. వెనుక కాళ్ళతో నేలను తన్ని లేస్తుంది. దిగేటప్పుడు ముందుగా ఒక ముందుకాలు, వెంటనే రెండవ ముందుకాలు, ఆ తరువాత వెనుక కాళ్ళు నేలను తాకుతాయి. రౌతు ఎంత వెనక్కి వాలినా ఈ క్రమం మారదు, గుర్రం ముందు కాళ్ళ మీదే దిగుతుంది. కాబట్టి వెనక్కి వాలడం వల్ల ముందు కాళ్ళకు రక్షణ కలుగుతుందనే వాదానికి ఆధారం లేదని కాప్రిల్లీ తేల్చాడు.

దానివల్ల కలిగే హాని మాత్రం స్పష్టంగా కనిపించింది. గుర్రం పైకి లేచిన క్షణంలో వెనక్కి వాలిన మనిషి గుర్రపు కదలికకు వెనుకబడిపోతాడు. పడిపోకుండా ఉండటానికి పగ్గాలను పట్టుకొని వేలాడుతాడు. కళ్ళెపు ఇనుము గుర్రపు ముందుపళ్ళకు, దవడపళ్ళకు మధ్య ఉండే పళ్ళు లేని సున్నితమైన చిగురుపై ఆనుతుంది. ఆ లాగుడుకు గుర్రం తల పైకెత్తుతుంది, వీపు లోపలికి కుంగుతుంది, వెనుక కాళ్ళు తగినంత పైకి లేవవు. అదే సమయంలో మనిషి బరువు మూపునకు దూరంగా, నడుము భాగంపై దబ్బున పడుతుంది. ఇలా ప్రతి దూకుడుకూ నోటిలో, నడుములో నొప్పి కలిగితే గుర్రం అడ్డంకిని చూసి బెదరడంలో వింత లేదు. మొండితనంగా కనబడినది నిజానికి నొప్పి వల్ల కలిగిన భయమని కాప్రిల్లీ అభిప్రాయపడ్డాడు.

సహజ పద్ధతి

ఈ పరిశీలనల నుండి కాప్రిల్లీ ఒక సూత్రాన్ని గ్రహించాడు. గుర్రానికి దూకడం నేర్పవలసిన అవసరం లేదు, దానికి అడ్డు రాకుండా ఉండటం మనిషి నేర్చుకోవాలి. దీనికోసం అతడు చేసిన ముఖ్యమైన మార్పులు ఇవి:

* రికాబుల పొడవు తగ్గించాడు. రౌతు బరువు జీను మీద కాక తొడలు, మోకాళ్ళ ద్వారా రికాబులలోకి దిగుతుంది. మడమ కిందికి ఉంటుంది. చీలమండ, మోకాలు, తుంటి కీళ్ళు అదురును పీల్చుకుంటాయి.
* అడ్డంకి వద్ద రౌతు జీను నుండి కొద్దిగా లేచి, నడుము దగ్గర ముందుకు వంగుతాడు. అతని గురుత్వ కేంద్రం గుర్రపు గురుత్వ కేంద్రానికి పైన నిలుస్తుంది.
* చేతులు గుర్రపు నోటి వెంట పోతాయి. గుర్రం మెడ చాచినంత మేర పగ్గాలు ముందుకు సాగుతాయి.
* గుర్రపు తలను బలవంతంగా పైకి ఎత్తడం, మెడను ముడిపించడం మానివేశాడు. గుర్రాన్ని దాని సహజమైన తూకంలోనే నడవనిచ్చాడు.
* చిన్న అడ్డంకులతో మొదలుపెట్టి, గుర్రానికి నమ్మకం కుదిరిన తరువాతనే ఎత్తు పెంచాడు.

జట్కా బండి ఎక్కిన వారికి ఈ సూత్రం కొంత పరిచితమే. బండి కదలబోయే ముందు జట్కావాడు ప్రయాణికులను కాస్త ముందుకో వెనక్కో జరిగి కూర్చోమంటాడు. బరువు ముందుకు ఎక్కువైతే గుర్రపు వీపు మీద ఒత్తిడి పడుతుంది, వెనక్కి ఎక్కువైతే బండి కాడి పైకి లేచి గుర్రాన్ని ఎత్తేస్తుంది. మోసే బరువు ఎంత అన్నదానితో పాటు అది ఎక్కడ ఉన్నదన్నది కూడా గుర్రానికి ముఖ్యమే. స్వారీలో ఆ బరువు క్షణక్షణం కదులుతూ ఉంటుంది కనుక దాన్ని సరిచూసుకోవలసిన బాధ్యత రౌతుదే.

వ్యతిరేకత, గుర్తింపు

కాప్రిల్లీ 1890 దశకంలో శిక్షకుడిగా పనిచేస్తూ ఈ పద్ధతిని తన విద్యార్థులపై ప్రయోగించి చూశాడు. పాత తరం అధికారులు దీనిని ఆమోదించలేదు. నిటారుగా కూర్చోవడం సైనిక గౌరవానికి చిహ్నమని భావించే కాలంలో, గుర్రపు మెడపైకి వంగి స్వారీ చేయడం వారికి క్రమశిక్షణా రాహిత్యంగా తోచింది. కొంతకాలం అతనిని శిక్షణ కేంద్రాలకు దూరంగా దక్షిణ ఇటలీకి బదిలీ చేశారు. అక్కడ కూడా కాప్రిల్లీ తన ప్రయత్నం మానలేదు. సాధారణ సైనికులకు, రెజిమెంట్‌లోని మామూలు గుర్రాలకు ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు. తన పద్ధతి నిపుణులకే కాక తక్కువ కాలం శిక్షణ పొందే ప్రతి రౌతుకూ పనికివస్తుందని నిరూపించడం అతని లక్ష్యం.

1900లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో గుర్రాల ఎత్తుదూకుడు పోటీ జరిగింది. కాప్రిల్లీ స్వయంగా ఆ పోటీలలో పాల్గొనలేదు. అతడు తయారుచేసిన ఒరెస్తే అనే గుర్రంపై జోర్జో ట్రిస్సినో 1.85 మీటర్లు దూకి, ఫ్రాన్సుకు చెందిన గార్డేర్‌తో కలిసి ప్రథమ స్థానాన్ని పంచుకున్నాడు. పొడవుదూకుడులో అదే గుర్రంపై 5.70 మీటర్లతో రెండవ స్థానం పొందాడు.

1901లో బయలు స్వారీ సూత్రాలపై కాప్రిల్లీ రాసిన వ్యాసాలు ఇటలీ అశ్వికదళ పత్రికలో వెలువడ్డాయి. అతడు రాసినది చాలా తక్కువ. రాయడం కంటే చేసి చూపించడమే అతనికి ఇష్టమైన పని. 1902లో టూరిన్‌లో జరిగిన అంతర్జాతీయ అశ్వ ప్రదర్శనలో మెలోపో అనే గుర్రంపై 2.08 మీటర్ల ఎత్తు దూకించాడు. వివిధ దేశాల అధికారుల సమక్షంలో సాధించిన ఈ విజయంతో విమర్శలు చాలావరకు సద్దుమణిగాయి. 1904 నాటికి కాప్రిల్లీ పినెరోలోలో తిరిగి శిక్షణ బాధ్యతలు చేపట్టాడు. అతని పద్ధతిని ఇటలీ అశ్వికదళం అధికారికంగా స్వీకరించింది.

మరణం

1907 డిసెంబర్‌లో టూరిన్ నగరంలో ఒక గుర్రాన్ని పరీక్షించడానికి దానిపై నెమ్మదిగా వెళుతుండగా కాప్రిల్లీ కింద పడ్డాడు. తల నేలకు బలంగా తగలడంతో స్పృహ కోల్పోయి, తిరిగి తేరుకోకుండానే డిసెంబర్ 6న మరణించాడు. అప్పటికి అతని వయసు 39 సంవత్సరాలు, హోదా కెప్టెన్. తన పద్ధతిని సమగ్రంగా వివరించే గ్రంథాన్ని అతడు రాయలేదు. శిష్యులు, మిత్రులు భద్రపరచిన వ్యాసాలు, శిక్షణ టిప్పణులే ఈనాడు అందుబాటులో ఉన్నాయి. వీటిని పియెరో సాంతీని ఇంగ్లీషులోకి అనువదించాడు.

వ్యాప్తి

కాప్రిల్లీ మరణానంతరం అనేక దేశాలు తమ అశ్వికదళ అధికారులను పినెరోలో, తోర్ ది క్వింతోలకు పంపాయి. రష్యా అధికారి పాల్ రొడ్జియాంకో ఇక్కడ నేర్చుకున్న పద్ధతిని తన దేశానికి తీసుకువెళ్ళాడు, 1928 నుండి ఐర్లండ్ సైనిక స్వారీ పాఠశాలలో బోధించాడు. అమెరికా అధికారి హ్యారీ ఛాంబర్లిన్ తోర్ ది క్వింతోలో శిక్షణ పొంది, 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పతకాలు సాధించాడు. ఇటలీకే చెందిన తొమ్మాసో లెక్వియో 1920 ఒలింపిక్స్‌లో అడ్డంకుల పోటీలో స్వర్ణపతకం గెలుచుకున్నాడు.

ఇదే కాలంలో గుర్రపు పందేలలో కూడా ఇలాంటి మార్పు వేరే దారిలో వచ్చింది. 1897లో అమెరికా జాకీ టాడ్ స్లోన్ ఇంగ్లండ్‌కు వెళ్ళి, చాలా పొట్టి రికాబులపై మూపు మీదికి ముడుచుకొని స్వారీ చేశాడు. మొదట నవ్విన వారే త్వరలో అతనిని అనుసరించారు. హైదరాబాదులోని మలక్‌పేట పందెపు మైదానంలో జాకీలు కూర్చునే తీరు కూడా ఇదే.

గుర్రపు ఆరోగ్యంపై ప్రభావం

కాప్రిల్లీ కంటితో చూసి చెప్పిన విషయాలను పశువైద్య శాస్త్రం తరువాతి కాలంలో కొలతలతో పరీక్షించింది. నిలబడి ఉన్న గుర్రపు బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళపై ఉంటుంది. గుర్రానికి జత్రుక ఎముక లేదు. దాని ముందు కాళ్ళు కండరాలతో మాత్రమే మొండేనికి అతికి ఉంటాయి. ముందుకాలి మోకాలి కింది భాగంలో చెప్పుకోదగ్గ కండరాలు లేవు. అక్కడ ఎముకలు, స్నాయువులు, వాటిని పట్టి ఉంచే బంధనాలే అదురును భరిస్తాయి. పందెపు గుర్రాలకు, దూకే గుర్రాలకు తరచుగా కుంటు వచ్చేది ఈ స్నాయువులు, బంధనాలు దెబ్బతినడం వల్లనే. ఒకసారి తెగిన స్నాయువు మానడానికి నెలలు పడుతుంది, మునుపటి బలం పూర్తిగా రాదు.

వీపు విషయంలో, 2004లో నెదర్లాండ్స్ పరిశోధకులు జీనుపై 75 కిలోల బరువు ఉంచి గుర్రాలను నడిపించినప్పుడు వీపు లోపలికి కుంగడం గమనించారు. ఇలా కుంగిన వీపుతో ఎక్కువకాలం పనిచేసే గుర్రాలలో వెన్నుపూసల పైముళ్ళు ఒకదానికొకటి దగ్గరై రాసుకుని నొప్పి కలిగించే ప్రమాదం ఉంది. 2010లో వియన్నా పరిశోధకులు ట్రాట్ అనే రెండు తాళాల నడకలో వీపుపై పడే బలాన్ని కొలిచారు. రౌతు జీనుపై కూర్చొని ఉన్నప్పుడు గరిష్ఠ బలం సుమారు 2,100 న్యూటన్లు కాగా, రికాబులపై లేచి ముందుకు వంగినప్పుడు అది సుమారు 1,700 న్యూటన్లకు తగ్గింది. మనిషి బరువు మారలేదు, దాన్ని మోయించిన తీరు మాత్రమే మారింది. 2009లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ శాస్త్రవేత్తలు, ముడుచుకొని కూర్చునే జాకీ తన శరీరాన్ని గుర్రపు ఊపు నుండి వేరుచేసుకుంటాడని, అందువల్ల ప్రతి అంగకూ ఆ బరువును విసిరి ఆపవలసిన శ్రమ గుర్రానికి తప్పుతుందని చూపారు. ఈ ఆసనం వాడుకలోకి వచ్చిన కాలంలో పందెపు సమయాలు 5 నుండి 7 శాతం మెరుగుపడ్డాయి.

రౌతు ఒక ప్రక్కకు ఒరిగి కూర్చోవడం కూడా హానికరమే. ఒక రికాబుపై ఎక్కువ బరువు వేసే అలవాటు ఉన్నవాడి గుర్రం ఒకవైపు కండరాలను ఎక్కువగా వాడుతుంది, జీను ఒక ప్రక్కకు జారి పుండ్లు పడతాయి. అందుకే కుంటుతున్న గుర్రాన్ని పరీక్షించే పశువైద్యులు దానిని రౌతు లేకుండానూ, రౌతుతోనూ నడిపించి చూస్తారు. రౌతు ఎక్కినప్పుడే కుంటు కనిపిస్తే జీనును, రౌతు కూర్చునే తీరును కూడా పరిశీలిస్తారు.

పరిమితులు

కాప్రిల్లీ పద్ధతి అన్ని రకాల స్వారీకి వర్తించదు. గుర్రపు బరువును వెనుక కాళ్ళపైకి తెచ్చే విన్యాసాల స్వారీలో రౌతు జీనులో లోతుగా కూర్చోవడమే నేటికీ పద్ధతి. ముందుకు వంగడం కూడా మితిమీరితే, గుర్రం లేవకముందే మెడపై వాలితే, ముందు కాళ్ళపై అదనపు భారం పడుతుంది. గుర్రం హఠాత్తుగా ఆగిపోయినప్పుడు అలా వాలిన రౌతు దాని తలమీదుగా పడే ప్రమాదం ఉంది. వంగడం ఎంత అన్నదాని కంటే గుర్రపు కదలికతో కలిసి ఉండటమే కాప్రిల్లీ బోధనలోని ప్రధానాంశమని తరువాతి శిక్షకులు వివరించారు.

భారతదేశంలో

గుర్రాల పోషణ, లక్షణాలు, చికిత్సలపై భారతదేశంలో ప్రాచీన కాలం నుండి శాస్త్రగ్రంథాలు ఉన్నాయి. శాలిహోత్రుడిని ఈ శాస్త్రానికి మూలపురుషుడిగా చెబుతారు. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాలపై పద్యగ్రంథం రచించాడు. హైదరాబాదు రాజ్యంతో ముడిపడిన దక్కన్ హార్స్ దళం 1916 జూలై 14న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో గుర్రాలపై దాడి చేసింది. తరువాతి కాలంలో ఈ దళం గుర్రాలను వదిలి ట్యాంకుల దళంగా మారింది. 1975లో హైదరాబాదుకు తరలివచ్చిన సర్దార్ వల్లభభాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. అధికారుల శిక్షణలో గుర్రపు స్వారీ ఒక భాగం.

విశేషాలు

* లివోర్నోలోని గుర్రపు పందెపు మైదానానికి కాప్రిల్లీ పేరు పెట్టారు.
* పినెరోలోలోని విశాలమైన స్వారీ మందిరం కూడా అతని పేరుతోనే ఉంది. పాత అశ్వికదళ పాఠశాల భవనంలో ఇప్పుడు అశ్వికదళ జాతీయ ప్రదర్శనశాల నడుస్తున్నది.
* తోర్ ది క్వింతోలోని నిటారు వాలుపై రౌతులు గుర్రాలతో ముందుకు వంగి దిగుతున్న ఛాయాచిత్రాలు ఇటలీ పద్ధతికి ప్రపంచమంతటా ప్రచారం కల్పించాయి.
* గుర్రాల ఎత్తుదూకుడు, పొడవుదూకుడు పోటీలు ఒలింపిక్ క్రీడలలో 1900లో మాత్రమే జరిగాయి.